8 జీబీ ర్యామ్ (పని నడుస్తున్నంతసేపు వాడే తాత్కాలిక మెమరీ) ఉన్న ల్యాప్‌టాప్‌ని 16 చేస్తే రోజువారీ పనిలో తేడా తెలుస్తుందా, లేక అంతా మన భ్రమేనా?

ఖాళీస్లాట్:
వాదన గాల్లో సాగకుండా ఒక మెషీన్ అనుకుందాం. 8 జీబీ డీడీఆర్4-3200 ఒకే స్టిక్, పక్క స్లాట్ ఖాళీ, 512 జీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన చిప్పుల స్టోరేజ్), విండోస్ 11. పని ఏంటంటే బ్రౌజర్‌లో ఇరవై దాకా ట్యాబులు, ఒక వీడియో కాల్, ఎక్సెల్, మెయిల్. గేమ్స్ లేవు, ఎడిటింగ్ లేదు. ఎస్‌ఎస్‌డీ ఉన్నాక ర్యామ్ మీద ఖర్చు దండగ అని కొందరంటారు. 16 లేనిదే మెషీన్ ముట్టుకోకూడదని ఇంకొందరు. అంకెలతో మాట్లాడేవాళ్ళు చెప్పండి. "వేశాక రాకెట్‌లా అయింది" లాంటివి వద్దు.

పేజీఫైలు:
ముందు ఒక సంగతి. ర్యామ్ ఏ పనినీ వేగంగా చెయ్యదు, పని మధ్యలో ఆగకుండా చూస్తుంది, అంతే. 5 జీబీతో సరిపోయేవాళ్ళకి 32 వేసినా ఎక్సెల్ అదే వేగంతో తెరుచుకుంటుంది. 8 చాలనివాళ్ళకి 16 వేస్తే తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. కాబట్టి మీరు ఏ గుంపులో ఉన్నారో చూసుకోవాలి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ తెరవండి. మెషీన్ ఆన్ చేసిన వెంటనే కాదు, రోజూ వాడేవన్నీ తెరిచి రెండు గంటలు పనిచేశాక. మీరు చెప్పిన వాడకానికి అక్కడ దాదాపు ఇలా ఉంటుంది: ఇన్ యూజ్ 6.6, పక్కన బ్రాకెట్లో కంప్రెస్ అయినది 600 ఎంబీ, అవైలబుల్ 1.0, కమిటెడ్ 12.1/15.7. మొత్తం 8 బదులు 7.7 అని కనిపిస్తే కంగారు వద్దు, మిగతాది గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టుకున్నది. కమిటెడ్‌లో మొదటి అంకె ర్యామ్ కంటే ఇంత పైన ఉందంటే 16 వెయ్యాల్సిందే.

ముందు_ఎస్‌ఎస్‌డీ:
ఒప్పుకోను. జనం "ర్యామ్ వేశాక మారిపోయింది" అని చెప్పే కథల్లో సగం హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్లవే. 5400 ఆర్పీఎమ్ డిస్క్‌లో తల ఒకచోట నుంచి ఇంకోచోటికి కదలడానికే పది మిల్లీసెకన్ల పైన పడుతుంది. చిన్న చిన్న ముక్కలు చదవమంటే సెకనుకు 1 ఎంబీ కూడా రాదు. అక్కడ ర్యామ్ చాలకపోతే నరకమే, నిజం. కానీ ఆ మెషీన్‌కి 16 జీబీ వేసి డిస్క్ వదిలేస్తే బూట్ మళ్ళీ నత్తనడకే. ఎస్‌ఎస్‌డీ వేసి 8 జీబీ ఉంచినా బాగుపడుతుంది. ఇక మన ఉదాహరణలో ఉన్నది సెకనుకు 3500 ఎంబీ చదివే ఎన్‌వీఎమ్ఈ. దానికి తోడు విండోస్ 10 నుంచి మెమరీ కంప్రెషన్ ఉంది, పేజీఫైల్‌కి (ర్యామ్ చాలనప్పుడు అందులోవి డిస్క్ మీద దాచే ఫైల్) వెళ్ళేలోపు ర్యామ్‌లోనే కుదించేస్తుంది. మామూలు వాడకంలో తేడా కంటికి ఆనదు.

పేజీఫైలు:
ఆ 3500 అట్టపెట్టె మీది అంకె. పెద్ద ఫైల్‌ని వరసగా చదివితే వచ్చేది. పేజీఫైల్ నుంచి తిరిగి తెచ్చుకునేవి 4 కేబీ పేజీలు (మెమరీలో చిన్న ముక్కలు), అదీ చాలావరకు ఒకటి వచ్చాక ఇంకోటి. ఆ రకంగా చదివితే మంచి ఎన్‌వీఎమ్ఈ కూడా సెకనుకు 40 నుంచి 80 ఎంబీ మధ్యే తిరుగుతుంది. గంటసేపు వెనక పడున్న ఎక్సెల్‌లో 300 ఎంబీ బయటికి పోయిందనుకోండి. 50 చొప్పున 6 సెకన్లు. విండోస్ పక్కపక్క పేజీల్ని గుత్తిగా చదువుతుంది కాబట్టి అంతకంటే త్వరగానే తెమలొచ్చు, కానీ ఆల్ట్-ట్యాబ్ కొట్టాక రెండు సెకన్లు తెల్ల కిటికీ చూడటం కంటికి ఆనకుండా ఎలా ఉంటుంది? అదే హార్డ్ డిస్క్ అయితే ఐదు నిమిషాల లెక్క, అక్కడ మీతో గొడవ లేదు.

బిట్లలెక్క:
ఇద్దరి లెక్కల్లోనూ తప్పుంది.

పేజీఫైలు గారూ, కమిటెడ్ అంటే ప్రోగ్రాములు "మాకు ఇంత కావాలి" అని హామీ తీసుకున్న మొత్తం. అందులో చాలా పేజీల్ని ఇంకా తాకి కూడా ఉండవు. బ్రౌజర్లు, గ్రాఫిక్స్ డ్రైవర్లు ఇందులో సిద్ధహస్తులు. కమిటెడ్ 12 ఉన్నా నిజంగా తిరిగే పేజీలు 7లో సరిపోవచ్చు. ఆ అంకె ఒక్కటే చూసి ర్యామ్ కొనమనడం పెళ్ళి పత్రికల లెక్కన విస్తళ్ళు వెయ్యడమే. అది ప్రమాదకరం ఎప్పుడంటే, మొదటి అంకె రెండో అంకె అంచుకి చేరినప్పుడు. అప్పుడు నెమ్మదించడం కాదు, ప్రోగ్రాములే పడిపోతాయి.

చూడాల్సింది విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్. మెమరీ ట్యాబ్‌లో హార్డ్ ఫాల్ట్స్ (కావాల్సిన పేజీ ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవాల్సి రావడం) గ్రాఫ్ ఉంటుంది. అయితే కొత్త ప్రోగ్రాం తెరిచేటప్పుడు అది ఎగరడం సహజం, ఎందుకంటే ఫైల్‌ని డిస్క్ నుంచి తేవడం కూడా హార్డ్ ఫాల్టే. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ముందే తెరిచి ఉన్న రెండు మూడు ప్రోగ్రాముల మధ్య అటూ ఇటూ మారండి. మారిన ప్రతిసారీ గ్రాఫ్ వందల్లోకి లేస్తుంటే ర్యామ్ చాలట్లేదు. సున్నా దగ్గరే పడుకుని ఉంటే 16 వేసినా ఒరిగేదేం లేదు.

ముందు_ఎస్‌ఎస్‌డీ గారూ, కంప్రెషన్ ఊరికే రాదు, దానికి సీపీయూ పనిచెయ్యాలి. రెండు కోర్ల పాత ప్రాసెసర్ మీద వీడియో కాల్ నడుస్తుంటే ఆ భారం తెలుస్తుంది.

ముందు_ఎస్‌ఎస్‌డీ:
హార్డ్ ఫాల్ట్స్ పరీక్ష ఒప్పుకుంటాను. అట్టపెట్టె అంకె విషయంలో కూడా తగ్గుతాను. కానీ నా అసలు వాదన వేరే. మెషీన్ నెమ్మదించగానే అందరూ ర్యామ్ మీద పడతారు, పుండు ఒకచోట మందు ఒకచోట. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీ తెరిచి స్పీడ్ చూడండి. పని నడుస్తుండగా కూడా 0.4 లేదా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే బిగుసుకుపోయి ఉంటే అది వేడి సమస్య కావచ్చు, తక్కువ వాట్ల చార్జర్ కావచ్చు. ఫ్యాన్‌లో దుమ్ము పట్టినదానికి 64 జీబీ వేసినా కదలదు.

ఇంకోటి, ట్యాబ్ మీదికి తిరిగి వెళ్ళగానే పేజీ మళ్ళీ మొదటి నుంచి లోడ్ అవుతుంటే అది పేజీఫైల్ పని కాదు. క్రోమ్‌లో మెమరీ సేవర్ ఆ ట్యాబ్‌ని ఎత్తేసింది. నెట్ స్లో అని తిట్టుకునేవాళ్ళు చాలామంది. షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబ్ ఎంత మింగుతోందో అందులో కనిపిస్తుంది. ఒక్కోసారి 1 జీబీ దాటిన ట్యాబ్ ఒకటి దొరుకుతుంది. దాన్ని మూస్తే చాలు, ఖర్చు సున్నా.

జంటదారి:
అందరూ సైజు గురించే మాట్లాడుతున్నారు. ఈ మెషీన్‌లో ఒక్క స్టిక్కే ఉంది, అసలు లోటు అక్కడ. డీడీఆర్4-3200 ఒక ఛానల్‌లో (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి, ఇక్కడ ఒక్కో స్టిక్‌కి ఒకటి) సెకనుకు 25.6 జీబీ, రెండు ఛానల్స్‌లో 51.2. గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్ వాడుకుంటుంది కదా. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలోని ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ సంగతే చూడండి, ఒకే ఛానల్ ఉంటే డివైస్ మేనేజర్‌లో దాని పేరే యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని పడుతుంది. రెండో స్టిక్ వెయ్యగానే ఐరిస్ ఎక్స్‌ఈ అయిపోతుంది. 4కే మానిటర్ తగిలించి వాడేవాళ్ళకి, కాల్‌లో స్క్రీన్ షేర్ చేసేవాళ్ళకి దీని వల్ల లాభం. ఉత్త టైపింగ్, మెయిల్ అయితే తెలియదు, అది కూడా చెప్పాలి.

కొనేటప్పుడు స్టిక్ మీద లేబుల్ చదవండి. 8 జీబీ డీడీఆర్4లో 1ఆర్ఎక్స్8, 1ఆర్ఎక్స్16 అని రెండు రకాలు. రెండోదాంట్లో చిప్స్ తక్కువ, బ్యాంక్ గ్రూపులు (చిప్ లోపల మెమరీని విభజించిన అరలు) సగమే, కాస్త వెనకబడుతుంది. దొరికితే మొదటిదే తీసుకోండి.

ఖాళీస్లాట్:
8 పక్కన 16 వేసి 24 చేస్తే జంట ఛానల్ పోతుందా? పాతది 2666, కొత్తది 3200 అయితే?

జంటదారి:
పూర్తిగా పోదు. 8+8 భాగం రెండు ఛానల్స్‌లో, మిగిలిన 8 ఒకే ఛానల్‌లో నడుస్తాయి. స్పీడ్‌లు వేరైతే రెండూ 2666కే దిగుతాయి.

బెంచిమీద:
వెయ్యడంలో జరిగే పొరపాట్లు ఎవరూ చెప్పలేదు.

రకం ముందు చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో వేసే చిన్న స్టిక్‌ని సోడిమ్ అంటారు, అందులో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాడి చోటు వేరు, ఒకదాంట్లో ఇంకోటి దిగదు. కానీ డీడీఆర్3, డీడీఆర్3ఎల్ (తక్కువ వోల్టేజీ రకం) రెంటికీ గాడి ఒకటే! 1.35 వోల్టులు మాత్రమే ఇచ్చే బోర్డులో 1.5 వోల్టుల స్టిక్ వేస్తే దిగుతుంది గానీ బూట్ అవ్వదు.

షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చెయ్యండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. చార్జర్ తీసి, అడుగు మూత విప్పి, అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి. వైర్లు పట్టి లాగకండి, ప్లాస్టిక్ ముక్కతో కనెక్టర్ రెండు చెవుల దగ్గర కొద్దికొద్దిగా తొయ్యండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది.

స్టిక్‌ని 30 డిగ్రీల వాలులో పెట్టి, బంగారు గీతలు దాదాపు కనపడకుండా లోపలికి తోసి, అప్పుడు కిందికి వంచాలి. పక్క క్లిప్పులు రెండూ టక్కుమనాలి. పూర్తిగా తొయ్యకుండానే వంచితే ఒక మూల లేచి ఉంటుంది. "కొత్త ర్యామ్ వేస్తే బ్లాక్ స్క్రీన్" అనే ఫిర్యాదుల్లో ముందు అనుమానించాల్సింది దాన్నే.

డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ (కొత్త స్టిక్‌కి తగ్గట్టు మెషీన్ తన టైమింగ్ సరిచూసుకోవడం) జరుగుతుంది. స్క్రీన్ ఒకటి రెండు నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. పాడైందనుకుని పవర్ తీసేయకండి.

బిట్లలెక్క:
వేశాక మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం) నాలుగు పాస్‌లు తిప్పండి, రాత్రి పెట్టి పడుకుంటే సరి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ వెనక్కి ఇచ్చెయ్యాలి, "ఒక్కటేగా" అనుకోకూడదు. లినక్స్ వాళ్ళకి హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ బదులు వీఎమ్‌స్టాట్ 1 అనే కమాండ్ ఉంది. ఎస్ఐ, ఎస్ఓ నిలువు వరసలు (డిస్క్ నుంచి ర్యామ్‌లోకి, ర్యామ్ నుంచి డిస్క్‌కి వెళ్ళేవి) సున్నా కాకుండా అదే పనిగా కదులుతుంటే చాలట్లేదని అర్థం.

ముందు_ఎస్‌ఎస్‌డీ:
మూత విప్పేముందు ఇంకోటి. టాస్క్ మేనేజర్‌లో ఫార్మ్ ఫ్యాక్టర్ అన్నచోట సోడిమ్ అని ఉంటేనే విప్పండి. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకి అతికించినవి. కింద స్లాట్ల సంఖ్య ఏం చూపించినా నమ్మకండి. యాపిల్ ఎమ్ సిరీస్‌లో అయితే మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. అలాంటివాటికి ఈ చర్చంతా కొనే రోజునే జరగాలి, అక్కడ మాత్రం నేను కూడా 16 వైపే.

పేజీఫైలు:
ఆ ఒక్క మాట మీకు ఇష్టం లేకుండానే వచ్చినట్టుంది.

ఖాళీస్లాట్:
నా మెషీన్‌లో ఇప్పుడే కాల్ పెట్టి, ఎక్సెల్‌కీ బ్రౌజర్‌కీ మధ్య ఆరుసార్లు మార్చి చూశాను. గ్రాఫ్ ప్రతిసారీ 400 దాటింది, ఒకసారి 900. కాల్ లేకుండా చేస్తే 20 లోపే. సీపీయూ 2.9 దగ్గర ఉంది, వేడి సమస్య కాదు. లేబుల్ మీద 1ఆర్ఎక్స్8 అని ఉంది, దానికి జత అదే రకం 8 జీబీ వెతుకుతున్నాను.