కాళయుక్తిలో మా ఊళ్లో పోయినోళ్లది స్పానిష్ ఫ్లూనేనా?

కందుకూరోడు:
మాది కందుకూరు దగ్గర పల్లె. మా జేజి వాళ్ల పెద్దనాయన, ఆయన భార్య కాళయుక్తి సంవత్సరం దసరాకీ దీపావళికీ మధ్య ఒకే వారంలో పోయారంట. ఇద్దరికీ పాతికేళ్లు దాటలేదు. పొద్దున చేనికి పోయొచ్చిన మనిషికి సాయంత్రానికి ఒళ్లు కాలిపోయి, చివర్లో పెదాలు నీలంగా తిరిగాయంట. ఇంట్లో ప్లేగు అంటారు, లెక్కేస్తే 1918 వస్తోంది. ఫ్లూ అయ్యుంటుందా? మా మూలకి ఎట్టా వచ్చింది?

రైలుకట్ట పక్క ఇల్లు:
ప్లేగైతే చాలామందికి గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కడతాయి, ఆ మాట మీ జేజి చెప్పకుండా ఉండదు. నీలం తిరగడం ఆ ఫ్లూలో బాగా కనపడింది, ఊపిరితిత్తులు నిండిపోయి ఆక్సిజన్ అందక. వయసు కూడా సరిపోతోంది, మామూలు ఫ్లూ పసిపిల్లల్నీ ముసలోళ్లనీ తీసుకుపోతే ఇది 20-40 ఏళ్లోళ్లను పట్టింది. బొంబాయిలో జూన్‌లో మొదలై తేలిగ్గానే పోయింది, సెప్టెంబరులో తిరగబెట్టింది చూడు, అదీ అసలుది. రైళ్ల వెంబడి అక్టోబరుకల్లా మద్రాసు రాజధానికి, అంటే అప్పట్లో మన జిల్లాలు కలిసున్న ప్రెసిడెన్సీకి, దిగింది. మద్రాసు-బెజవాడ లైను 1899 నుంచే ఉంది, కందుకూరోళ్లు ఇప్పటికీ రైలెక్కేది సింగరాయకొండలోనే గదా.

ఒంగోలు అక్క:
రైలు ఒక్కదాన్నే అంటే ఎట్టా తమ్ముడూ? ఆ ఏడు దేశంలో వానలు ఎగ్గొట్టాయి, యుద్ధం వల్ల ధరలు మండిపోయాయి, తిండి లేని ఒంటిమీద పడింది. చాలామందిని చంపింది వెనకే వచ్చిన న్యుమోనియా, పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు. మనదేశంలో పోయినోళ్లు 1.2 కోట్ల నుంచి 2 కోట్ల దాకా అంటారు. ఆడవాళ్లే ఎక్కువ పోయారు, రోగుల దగ్గర కూర్చునేది వాళ్లే మరి. అమెరికన్ సమోవా ఓడల్ని ఆపేసి ఒక్కరినీ పోగొట్టుకోలేదు, పక్కనున్న పశ్చిమ సమోవా ఒక్క ఓడని రానిచ్చి అయిదో వంతు జనాన్ని పోగొట్టుకుంది. ఇదంతా తెలిసీ 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం ఒకరి మీద ఒకరు పడ్డాం, ఇక మనకేం చెప్పాలి!

పాత కాగితాల పిచ్చి:
బొంబాయితో పోలిస్తే మద్రాసు రాజధానిలో చావులు తక్కువే, అయినా 1911-21 మధ్య దేశ జనాభా తగ్గిందంటే చూసుకో. రికార్డు వెతికితే ఫ్లూ అని ఉంటుందనుకోవద్దు, ఊరి చావుల లెక్కల్లో చాలామటుకు ‘జ్వరం’ అనే రాసేవాళ్లు. అక్టోబరు, నవంబరుల్లో ఆ మాట కింద పడుచు వయసోళ్లు గుంపుగా కనపడితే అదే. ఇంకోటి, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అప్పటికి కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాది, ఒంగోలుదేమో గుంటూరు. నెల్లూరు కాగితాలే అడుగు.