తుమ్మలబైలు సఫారీలో చిరుత ఫొటో: డీ7500, 200-500 లెన్స్‌తో ఎట్ట తీయాలి?

కంభం_గట్టు:
అన్నలకు నమస్తే. ఫిబ్రవరి చివర్లో దోర్నాల దగ్గర నల్లమల అడవిలోని తుమ్మలబైలు సఫారీకి, మార్చిలో కర్ణాటకలోని కబినికి పోదామని ఉంది. రెండు చోట్లా చూపు చిరుతపులి మీదే. కెమెరా నికాన్ డీ7500, లెన్స్ నికాన్ 200-500 ఎఫ్/5.6. కొత్త లెన్స్ కొనే స్తోమత లేదు, కాబట్టి "600 ఎఫ్/4 తీసుకో తమ్ముడూ" అనే సలహా ఒక్కటి మినహాయించండి.

నా అనుమానాలివి. పొద్దున మొదటి అరగంటలో షట్టర్ వేగం ఎంత పెట్టాలి, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఎందాకా పోనివ్వొచ్చు? జీపులో ట్రైపాడ్ కుదరదు గదా, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మేలా బీన్ బ్యాగ్ (గింజల సంచి) మేలా? పొద చాటున ఉన్న జంతువును వదిలేసి కెమెరా ముందున్న గడ్డిని పట్టుకుంటే ఏం చేయాలి? గైడ్ చూపించేదాకా ఊరికే కూర్చోకుండా చిరుత దగ్గర్లో ఉందని మనమూ కనిపెట్టే దారి ఉందా?

నల్లమద్ది_నీడ:
ముందు ఐఎస్ఓ అంటే ఉన్న బెదురు వదిలేయండి. నాయిస్ (గరుకు చుక్కలు) వచ్చిన ఫొటోను తర్వాత బాగు చేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగు చేయలేరు.

మోడ్ ఎం (మాన్యువల్), అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే కొలత) ఎఫ్/5.6, ఆటో ఐఎస్ఓ ఆన్, గరిష్ఠం 12800. ఇక మీ వేలు తిప్పాల్సింది షట్టర్ డయల్ ఒక్కటే. జీపు బయల్దేరేటప్పుడు 1/500 సెకను మీద ఉంచండి. చిరుత పడుకునో కూర్చునో ఉంటే 1/250కి దించండి, నడుస్తుంటే 1/800, చెట్టు దిగుతుంటే 1/1600. ముందు 1/500లో నాలుగు ఫొటోలు భద్రంగా తీసుకున్నాకే దించడం.

లెన్స్ గురించి మీరు అడగకపోయినా ఒక లెక్క. చెట్ల నీడలో ఐఎస్ఓ 6400 పెడితే మీ ఎఫ్/5.6కి 1/250 వచ్చే వెలుతురులో ఎఫ్/4 లెన్స్‌కు 1/500 వస్తుంది. తేడా ఒక్క స్టాపే, అంటే వెలుతురు రెట్టింపు. కూర్చున్న చిరుతకు ఆ స్టాపుతో పనిలేదు. లెన్స్ అందుకునే దూరాన్ని 1.4 రెట్లు చేసే టెలికన్వర్టర్ మాత్రం తగిలించొద్దు. ఎఫ్/8 అయిపోతుంది, ఆ చీకట్లో ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటూనే ఉంటుంది.

500 ఎంఎం దగ్గర మీ సెన్సర్‌కు 50 మీటర్ల దూరంలో పట్టే వెడల్పు సుమారు 2.35 మీటర్లు. చిరుత అడ్డంగా నిలబడితే తోకతో సహా సరిపోతుంది. 100 మీటర్లలో ఉంటే దాన్ని మొహం ఫొటోగా చేయాలని చూడకుండా చుట్టూ ఉన్న బండ, చెట్టు కలిపి తీయండి. 15 మీటర్లలోకి వస్తే ఫోకస్ లోతు (స్పష్టంగా వచ్చే మందం) 20 సెంటీమీటర్లే, అంటే ముక్కు మీద ఫోకస్ పడితే కళ్లు మెత్తబడతాయి. పాయింట్ కంటి మీదే ఉండాలి.

మోనోపాడ్ వద్దు, బీన్ బ్యాగే. కొనక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంటు కాలు 35 సెంటీమీటర్లు కత్తిరించి, ఒక పక్క రెండు వరసలు కుట్టించి, రెండో పక్క జిప్పు వేయించండి. లోపల గట్టి పాలిథిన్ సంచిలో రెండు, రెండున్నర కిలోల శనగలు పోయండి. ఆ గింజకు మన జిల్లాలో కరువా! ముప్పాతిక వంతే నింపాలి. బిగదట్టిస్తే లెన్స్ దాని మీద దొర్లుతుంది, వదులుగా ఉంటేనే గుంట పడి కూర్చుంటుంది. కెమెరా, లెన్స్ కలిపి మూడు కిలోలు. అది సగం సంచిలోకి దిగాలి. లెన్స్ కాలును (ట్రైపాడ్‌కు బిగించే భాగం) పైకి తిప్పేయండి, కింద ఉంటే సంచికి అడ్డం.

సంచి ఎంత మంచిదైనా డీజిల్ ఇంజన్ నడుస్తుంటే వణుకు లెన్స్‌దాకా వస్తుంది. ఆపమని డ్రైవరన్నకు ఎక్కేటప్పుడే చెప్పుకోండి, చిరుత కనిపించాక చెబితే గోల. జీపులో పక్కవాళ్లు ఒక సీటు నుంచి ఇంకో సీటుకు జరిగినా 1/250 ఫొటో పోతుంది. ఇంజన్ ఆగాక వీఆర్ (లెన్స్‌లో వణుకు తగ్గించే ఏర్పాటు) నార్మల్‌లో, నడిచే చిరుత వెంట కెమెరా తిప్పుతుంటే స్పోర్ట్‌లో.

పెన్నా_ఇసుక:
పై అన్న చెప్పినదాంట్లో ఆటో ఐఎస్ఓ దగ్గర నాది వేరే మాట. ఫిబ్రవరి చివరికి నల్లమల సగం ఆకు రాలుస్తుంది. కొమ్మల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది, చిరుత ఒంటి మీదా అంతే. మ్యాట్రిక్స్ మీటరింగ్ (ఫ్రేమంతా చూసి వెలుతురు కొలిచే పద్ధతి) చుట్టూ ఉన్న నీడ చూసి ఐఎస్ఓ పెంచేస్తుంది, భుజం మీది ఎండ మచ్చ తెల్లగా తేలిపోతుంది. అది రా ఫైల్లో (సెన్సర్ నమోదు చేసిన అసలు ఫైల్) కూడా తిరిగి రాదు. మీ కెమెరాలో హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ (వెలుగు మచ్చలు తేలిపోకుండా కొలిచేది) ఉంది, 8 గంటల తర్వాత దాంట్లోకి మారండి. చెట్టు మీదున్న చిరుతకు మాత్రం ఇది పనికిరాదు. వెనకాల ఆకాశం ఉంటుంది కాబట్టి మొహం బొగ్గయిపోతుంది. అక్కడ మ్యాట్రిక్స్‌కు వచ్చి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే సర్దుబాటు) +1 దాకా ఇవ్వండి.

12800 కూడా నాకు ఎక్కువే. ఈ బాడీకి నేనైతే 6400 దగ్గర గీత గీస్తాను. ఆపైన ముదురు మచ్చల్లో వివరం పోయి రంగు ముద్దవుతుంది.

గడ్డి సంగతి. ఏఎఫ్-సీ (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్) పెట్టి, ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకున్న ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కు ఏఎఫ్-ఆన్‌గా ఇవ్వండి. పొద సందులోంచి సింగిల్ పాయింట్ కంటి మీద పెట్టి ఆ బటన్ నొక్కి వదిలేస్తే ఫోకస్ అక్కడే నిలబడుతుంది, షట్టర్ ఎన్నిసార్లు నొక్కినా గడ్డి మీదికి దూకదు. చిరుత బయటికొచ్చి నడిస్తే గ్రూప్ ఏరియాకు (పక్కపక్క పాయింట్లు కలిపి పట్టేది) మారి, బటన్ పట్టుకునే ఉండండి. గడ్డిలో గ్రూప్ ఏరియా వాడొద్దు, దగ్గరున్నదాన్నే పట్టుకుంటుంది. సింగిల్ పాయింట్ కూడా పట్టకపోతే లెన్స్ రింగ్ చేత్తో తిప్పి సుమారుగా అక్కడికి తెచ్చి మళ్లీ నొక్కండి. లెన్స్ మీది ఫోకస్ లిమిటర్‌ను (ఫోకస్ వెతికే దూరాన్ని కుదించే మీట) 6 మీటర్ల నుంచి అనంతం వైపు జరిపి ఉంచండి.

ఇంకోటి, ఈ లెన్స్ జూమ్ చేస్తే బయటికి సాగుతుంది, లోపలికి పోతూ దుమ్ము పీల్చుకుంటుంది. జీపు కదులుతున్నంతసేపూ తడిపి పిండిన తువ్వాలు కప్పండి.

వెలిగొండ_వాలు:
కెమెరా గొడవ తేలింది కాబట్టి నాలుగో ప్రశ్నకు వస్తా. అడవిలో చిరుతను కంటికంటే చెవి ముందు పట్టుకుంటుంది.

కొండముచ్చు చెట్టు పైనుంచి దగ్గినట్టు గట్టిగా అరుస్తూ ఒకే దిక్కు చూస్తుంటే, మీరు కొండముచ్చును కాదు, అది చూసే చోటును చూడండి. దుప్పి అయితే చెవులు నిక్కించి, ముందుకాలు నేలకేసి కొడుతూ కీచుమంటుంది. ఒక్కసారి కూసి మళ్లీ మేత మేస్తే వదిలేయండి, దానికేదో అనుమానం వచ్చి తీరింది. కూత ఆగకుండా సాగితే ఆగండి. కణితి (పెద్ద జింక, సాంబర్) అంత తేలిగ్గా అరవదు, అది వరసగా అరిచిందంటే పెద్ద పిల్లిజాతి జంతువును చూసినట్టే అనుకోవచ్చు. నెమలి కేకను నమ్ముకుని బండి తిప్పొద్దు, దానికి అన్నీ భయమే. కూత ఒకచోట మొదలై పక్కకు జరుగుతూ పోతుంటే చిరుత నడుస్తోందని. అప్పుడు కూత వెనకాల పోకుండా, అది పోయే వైపు దారి ఎక్కడ అడ్డం వస్తుందో అక్కడికి ముందే చేరి ఇంజన్ ఆపాలి. ఇక చిరుత సొంత గొంతు రంపంతో మొద్దు కోసినట్టు గరగరమంటూ సాగుతుంది, ఒకసారి వింటే మరిచిపోరు.

ఇది పులుల అడవి. పులి తిరిగే చోట చిరుత తగ్గి ఉంటుంది. అందుకని దారి మధ్యన వెతకడం కంటే రాతి గుట్టలు, వాగు గట్లు, అడ్డంగా సాగిన లావు కొమ్మలు చూడండి. కొమ్మ మీద ముందు కనిపించేది మచ్చలు కాదు, కిందికి వేలాడే తోక. ఎండలు ముదిరేకొద్దీ అటవీ శాఖ నీళ్లు పోయించే సాసర్ పిట్ల (లోతు లేని నీటి తొట్ల) దగ్గర ఓపికగా కూర్చోవడం, పది కిలోమీటర్లు తిరగడం కంటే నయం.

మీతో వచ్చేది చెంచు గైడ్ అయితే సగం పని అయిపోయినట్టే. ఆయన చెయ్యెత్తితే మాట ఆపేయండి, "ఎక్కడ, ఎక్కడ" అని నలుగురూ లేచి నిలబడొద్దు. చిరుత చెవులు వెనక్కి వాల్చి తోక విసురుతుంటే మీరు దగ్గరైపోయారని అర్థం, బండిని మెల్లగా వెనక్కి తీయించండి. పిల్లలతో ఉన్న తల్లి అయితే రెండు ఫొటోలు, అంతే, కదలండి. ఫ్లాష్ బ్యాగులోంచి తీయొద్దు.

కంభం_గట్టు:
బంగారం లాంటి సమాచారం ఇచ్చారు. ఇంకో రెండు: కబినిలో ఇవే సెట్టింగులు పనిచేస్తాయా? ఫొటో పెట్టేటప్పుడు చోటు పేరు రాయొచ్చా?

పెన్నా_ఇసుక:
సెట్టింగులు అవే. కబినిలో చెట్టు మీద కనిపించే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆ +1 సంగతి గుర్తుపెట్టుకోండి. చిరుతే కావాలి, పులి అక్కర్లేదనుకుంటే తర్వాతెప్పుడైనా జైపూర్ పక్కనున్న ఝలానా చూడండి. అక్కడ పులుల్లేవు, చిరుతలు దారి మీదికి ధీమాగా వస్తాయి.

చోటు రాయొద్దు. "నల్లమల" అంటే చాలు, వాగు పేరు, కిలోమీటరు రాయి పేరు అక్కర్లేదు. డీ7500లో జీపీఎస్ లేదని నిశ్చింతగా ఉండొద్దు, ఫోన్లో నికాన్ యాప్ స్నాప్‌బ్రిడ్జ్ కలిపి ఉంటే అది లొకేషన్‌ను ఫొటోలోకి ఎక్కిస్తుంది. యాప్‌లో దాన్ని ఆపేయండి.

క్రాప్ మీద కూడా ఒక మాట. ఫైల్ వెడల్పు 5568 పిక్సెళ్లు. సగానికి కోస్తే 2784 మిగులుతుంది, 12 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 232 చొప్పున వస్తుంది, అది చాలు. అంతకంటే కోసి ప్రింటు వేయించకండి. ఉదయం ఫొటోల్లో ఆకుల పచ్చదనం చిరుత తెల్లని గడ్డం మీద పడుతుంది, వైట్ బ్యాలెన్స్‌లో టింట్‌ను కొద్దిగా మెజెంటా వైపు జరపండి.

వెలిగొండ_వాలు:
శనగల సంచిని ఇంటికొచ్చాక ఒకసారి ఎండలో ఆరబోయండి, లేకపోతే పురుగు పడుతుంది.