నాలుగేళ్ల పాప వర్ణమాల మొత్తం అప్పజెబుతుంది, కానీ విడిగా అక్షరం చూపిస్తే గుర్తుపట్టదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పాప తల్లి):

మా పాపకు నాలుగేళ్లు నిండాయి. 'అ' నుంచి 'ఱ' వరకు తడుముకోకుండా అప్పజెబుతుంది. అయితే పట్టిక మధ్యలో ఏదైనా అక్షరం చూపించి ఇదేమిటని అడిగితే, మళ్లీ 'అ' దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క గడి మీద వేలు జరుపుకుంటూ అక్కడిదాకా వచ్చి అప్పుడు చెబుతుంది. అదే అక్షరాన్ని వేరే కాగితం మీద రాసి చూపిస్తే నోరు విప్పదు. దిద్దమంటే మారాం చేస్తుంది. కథలంటే మాత్రం చెవి కోసుకుంటుంది.

తన ఈడు పిల్లలు కొందరు అప్పుడే గుణింతాలు రాస్తున్నారు. రోజూ గంటసేపు కూర్చోబెట్టి దిద్దించాల్సిందేనని మా అత్తగారు అంటారు. బడిలో అదే వస్తుంది, ఇప్పటి నుంచీ ఎందుకని మావారు అంటారు. చదవడానికి, రాయడానికి నిజంగా పునాది అయ్యేవి ఏవి, వాటిలో ముందు దేన్ని పట్టుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం 1 (బాలబడి ఉపాధ్యాయిని):

నమస్కారమండీ. మీరు రాసినదాన్ని బట్టి పాపకు వచ్చింది వర్ణమాల పాట. అక్షరాలు ఇంకా రాలేదు. కంగారు పడనక్కర్లేదు, మా దగ్గర చేరే పిల్లల్లో చాలామంది ఈ స్థితిలోనే వస్తారు. వరుస తప్పకుండా చెప్పడం వేరు, ఒక ఆకారాన్ని చూసి దాని శబ్దాన్ని పలకడం వేరు. మొదటిది ఎంత వల్లె వేయించినా రెండోది దానంతట అది రాదు.

అక్షరం కన్నా ముందు చెవి సిద్ధం కావాలని నా అభిప్రాయం. మాటకు అర్థం ఒక్కటే కాదు, విడదీసి వినగలిగే శబ్దాలు కూడా ఉంటాయని పిల్లలు గ్రహించడాన్నే ధ్వని స్పృహ అంటారు. ముందు పెద్ద ముక్కలతో మొదలుపెట్టండి: 'బడిపిల్లలు'లో 'బడి' తీసేస్తే ఏం మిగులుతుంది? తర్వాత చప్పట్లు: 'నెమలి'కి మూడు, 'చేప'కు రెండు. అది తేలికైపోయాక 'కాకి, కాలు, మేడ' అని చెప్పి వీటిలో వేరుగా మొదలయ్యేది ఏదని అడగండి. ఆ పైన 'పలక'లో 'ప'ను మింగేస్తే ఏమవుతుందని అడిగితే, 'లక' అని చెప్పి పకపకా నవ్వుతారు. అర్థం లేని మాట పుడితే వాళ్లకు మరీ సరదా. వీటికి పుస్తకం, పలక ఏవీ అక్కర్లేదు. స్నానం చేయిస్తూనో, జడ వేస్తూనో ఆడించవచ్చు.

అయితే 'కా'ను 'క్', 'ఆ' అని విడదీయమని ఇప్పుడే అడగకండి. మన లిపిలో ఒక్కో అక్షరం దాదాపుగా ఒక పలుకును సూచిస్తుంది కాబట్టి పిల్లలకు పలుకుల మీద పట్టు ముందు దొరుకుతుంది. హల్లును అచ్చు నుంచి వేరుచేసి వినడం గుణింతాలతో పరిచయం పెరిగేకొద్దీ నెమ్మదిగా వస్తుంది.

అక్షరాల విషయానికొస్తే, వరుసను కొన్నాళ్లు పక్కన పెట్టండి. పాప పేరులోని అక్షరాలతో మొదలుపెట్టండి. తన పేరులో ఉన్నదంటే ఏ పిల్లకైనా ఆ అక్షరం మీద హక్కు పుడుతుంది. తర్వాత ఇంట్లోవాళ్ల పేర్లు, తనకిష్టమైన వస్తువుల పేర్లు. ఙ, ఞ, ౠ వంటివి పిల్లల పుస్తకాల్లో ఎక్కడో గానీ కనబడవు, వాటికి తొందర లేదు. ఆకారంలో దగ్గరగా ఉండే ప, ఫ, ష గానీ, ద, ధ, థ గానీ ఒకే వారంలో చూపించకండి. ఒకటి బాగా స్థిరపడ్డాక రెండోదాన్ని తెచ్చి, తేడా ఎక్కడుందో పాపనే వెతకనివ్వండి.

సమాధానం 2 (శిశు భాషాభివృద్ధి పరిశోధకుడు):

పై సమాధానంలో ఒక్క మాటతో నాకు పేచీ ఉంది. చెవి పూర్తిగా సిద్ధమయ్యేదాకా అక్షరం ఆగాల్సిన పని లేదు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక ప్రకారం, శబ్దాలతో చేయించే సాధన అక్షరాలు కూడా చేతిలో ఉన్నప్పుడే ఎక్కువ ఫలితమిచ్చింది. 2008లో అక్కడే నేషనల్ ఎర్లీ లిటరసీ ప్యానెల్ అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా, పిల్లలు ముందుముందు ఎలా చదువుతారో సూచించేవాటిలో అక్షర జ్ఞానం, ధ్వని స్పృహ రెండూ ముందు వరుసలో నిలిచాయి. ఇవి ఎక్కువగా ఇంగ్లీషు చదివే పిల్లల మీద జరిగినవి కాబట్టి యథాతథంగా మనకు అతికించలేము గానీ, 'కాకి, కాలు, కాయ' అని ఆడుతున్నప్పుడే 'కా' రాసిన అట్టముక్కను పక్కన పెట్టడానికి అడ్డేమీ లేదు కదా.

నా దృష్టిలో మీ ప్రశ్నలో అన్నిటికన్నా విలువైన వాక్యం, పాప కథలంటే చెవి కోసుకుంటుందన్నది. 1986లో గఫ్, టన్మర్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం చదివి అర్థం చేసుకోవడమనేది రెండు సామర్థ్యాల గుణకారం: అక్షరాలను మాటలుగా మార్చగలగడం ఒకటి, విన్న భాషను అర్థం చేసుకోగలగడం రెండోది. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. గుణింతాలు గడగడా రాసే పిల్లలను చూసి మనం మొదటిదాన్నే లెక్కపెడతాం.

కథ ఎంతసేపు చదివామన్నదాని కన్నా ఎలా చదివామన్నది ముఖ్యం. 1988లో వైట్‌హర్స్ట్ బృందం రెండు, మూడేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులకు ఒక పద్ధతి నేర్పింది: అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించి, ఏమిటి, ఎందుకు అని అడగడం, బిడ్డ చెప్పిన దానికి ఇంకో రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పడం. ఒక్క నెల తిరిగేసరికి ఆ పిల్లలు, మామూలుగా కథలు విన్న పిల్లల కన్నా మాట్లాడడంలో స్పష్టంగా ముందున్నారు. ఉదాహరణకు పాప బొమ్మ చూపించి "కుక్క" అంటే, "అవును, తడిసిపోయిన కుక్క. ఎందుకు తడిసిందంటావు?" అనండి. సమాధానం కోసం ఆగండి. ఆ ఆగడమే చాలామంది పెద్దలకు చేతకాదు.

మరొక సంగతి. కథ వింటున్న పిల్లలు బొమ్మలనే చూస్తారు, అక్షరాల మీద దాదాపుగా చూపు నిలపరు. కంటి కదలికలను నమోదు చేసే పరికరాలతో 2005లో చేసిన ఒక అధ్యయనంలో ఇది తేటతెల్లమైంది. కాబట్టి అప్పుడప్పుడు వాక్యం కింద వేలు జరపండి, ఎక్కడ మొదలుపెట్టాలో పాపనే చూపించమనండి. ప్రతి పేజీలోనూ చేస్తే కథ చచ్చిపోతుంది. రెండు మూడు చోట్ల చాలు.

సమాధానం 3 (పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టు):

దిద్దడం గురించి మాత్రమే చెబుతాను. నాలుగేళ్ల వయసులో చాలామంది పిల్లలకు బలపాన్ని మూడు వేళ్ల మధ్య నిలకడగా పట్టుకునే పట్టు ఇంకా కుదరదు. గంటసేపు దిద్దిస్తే చెయ్యి నొప్పెడుతుంది, మారాం చేయడం సహజం. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, నిలువుగా ఉన్న బోర్డు మీద సున్నాలు చుట్టడం ముందు చేయించండి. మన అక్షరాల్లో వంపులే ఎక్కువ కాబట్టి సున్నా చుట్టడం వచ్చిన చేతికి సగం పని అయినట్లే.

అలాగని రాతను పూర్తిగా మానిపించకండి. చదవడం రాని పిల్లలతో 2012లో జేమ్స్, ఎంగెల్‌హార్ట్ చేసిన ప్రయోగంలో, అక్షరాన్ని సొంతంగా చూసి రాసిన తర్వాత మెదడులో చదువుకు సంబంధించిన భాగాలు స్పందించిన తీరు, మీట నొక్కి టైపు చేసినప్పుడు గానీ, గీతల మీద దిద్దినప్పుడు గానీ కనిపించలేదు. వంకరగా వచ్చినా సొంతంగా వేసిన గీతకే విలువ ఎక్కువ. అక్షరం అద్దంలో చూసినట్లు తిరగబడినా ఈ వయసులో అది లోపం కాదు.

పాప తల్లి:

అందరికీ ధన్యవాదాలు. చప్పట్ల ఆట నిన్ననే మొదలుపెట్టాను, ఇంట్లో అందరి పేర్లకూ చప్పట్లు కొట్టేసింది. ఇంకో సందేహం. బడిలో ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్పుతున్నారు, పైగా రోజుకొక పేజీ దిద్దుకురమ్మంటున్నారు. రెండు లిపులు ఒకేసారి అయితే గందరగోళం కాదా?

బాలబడి ఉపాధ్యాయిని:

కాదండీ. ఒక భాషలో శబ్దాలను విడదీసి వినడం వచ్చిన పిల్లలకు ఆ నేర్పు రెండో భాషలోనూ అక్కరకొస్తుంది. ఇంట్లో ధారాళంగా మాట్లాడే భాషలోనే ఆటలు, కథలు సాగించండి. ఇంగ్లీషు అక్షరాల శబ్దాలు బడి చూసుకుంటుంది. పరిశోధకుడు గారు చెప్పిన అట్టముక్కల సలహా కూడా సబబుగానే ఉంది, వెంటనే మొదలుపెట్టవచ్చు. పాప చెప్పేది బయటివారికి అర్థం కాకపోయినా, పిలిస్తే తరచూ పలకకపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. మీరు రాసినదానిలో అలాంటి సూచనలేమీ కనబడలేదు.

దిద్దుడు పేజీ సంగతి టీచరుతో నేరుగా మాట్లాడండి. పేజీ మొత్తానికి బదులు ఒక్క వరుస చాలునా అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఒక్క వరుసలోనూ ప్రతి అక్షరం రాసేటప్పుడు దాని శబ్దాన్ని పైకి పలకమనండి, చివరి గడిలో మాత్రం చుక్కలు లేకుండా పాపనే సొంతంగా రాయనివ్వండి.