మూడో నెల దాకా ఆగొద్దు: ఇంగ్లండ్‌లో గర్భం, బీపీ

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం మీద ఈమధ్యే లీడ్స్ వచ్చాం. నాకు ఏడో వారం. బీపీకి ఇండియా నుంచి తెచ్చుకున్న టెల్మిసార్టన్ వేసుకుంటున్నాను. అయినా నిన్న 146/94 చూపించింది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని అత్తయ్య అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:
చెల్లీ, చుట్టాలకు మూడో నెల నిండాకే చెప్పండి, జీపీకి (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) మాత్రం ఈరోజే ఫోన్ చేయండి. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి మందులు కడుపులో బిడ్డ కిడ్నీలకు హాని చేస్తాయి. గర్భమని తెలిశాక రెండు పనిదినాల్లోపే వాటిని ఆపి వేరే మందు ఇవ్వాలని ఇక్కడి నైస్ (వైద్య ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ) మార్గదర్శకాలు చెబుతున్నాయి. మందు పేరు, ఎన్నో వారమో రిసెప్షన్‌లోనే చెప్పండి, లేకపోతే మామూలు అపాయింట్‌మెంట్ కింద వెనక్కి నెట్టేస్తారు. దాని బదులు ఎక్కువగా లాబెటలాల్ అనే బీపీ మందు ఇస్తారు. ఆస్తమా ఉంటే అది పడదు, ముందే చెప్పండి. మందు మీద బీపీ 135/85కి రావాలని చూస్తారు.

మిడ్‌వైఫ్ (కాన్పు దాకా చూసుకునే నర్సు లాంటి ఆవిడ) బుకింగ్, అంటే మొదటి చెకప్, పదో వారంలోపు అయిపోవాలి. ఆస్పత్రి వెబ్‌సైట్‌లో మీరే పేరు ఇచ్చుకోవచ్చు. తొందర ఎందుకంటే, నాలుగైదు నెలలకు బీపీ సహజంగానే కాస్త దిగుతుంది. అప్పుడు మొదటిసారి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. 20 వారాల లోపే 140/90 ఉంటే గర్భానికి ముందునుంచీ ఉన్న బీపీగా లెక్క. మీకు ఎలాగూ ఉంది కాబట్టి 12వ వారం నుంచి రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ రాస్తారు. ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) ముప్పు తగ్గించడానికి అది. రాయకపోతే మీరే అడగండి. సొంతంగా కొని మొదలుపెట్టొద్దు.

ఇంకొక జవాబు:
వీసాతో హెల్త్ సర్‌చార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే రుసుము) కట్టారు కదా, ప్రసూతి వైద్యానికి వేరే డబ్బులుండవు. మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ మిడ్‌వైఫ్‌ని అడగండి, మందులూ ఉచితమే.

బీపీ చూసేముందు అయిదు నిమిషాలు వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. స్వెటర్ మీద కఫ్ చుట్టొద్దు, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. మణికట్టు మిషన్లు నమ్మకండి. వేవిళ్లలో ఆవకాయ తప్ప ఏదీ సహించదు, నిజమే, కానీ రోజు మొత్తానికి ఉప్పు 6 గ్రాములు దాటనివ్వకండి.

160/110 వస్తే ఏ వారమైనా, ఏ వేళైనా మెటర్నిటీ ట్రయాజ్‌కి (ఆస్పత్రిలో గర్భిణులను అత్యవసరంగా చూసే విభాగం) ఫోన్ చేయండి. ఐదో నెల దాటాక తీవ్రమైన తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి మొహం ఉబ్బడం వచ్చినా అంతే. మిడ్‌వైఫ్ ఇచ్చే ఫైలు మీద ఆ నంబరు ఉంటుంది. మీ ఫోన్‌లోనూ, మీవారి ఫోన్‌లోనూ పెట్టుకోండి.