సర్క్యూట్ సిమ్యులేషన్: పిల్లల్ని వదిలేయాలా, చెయ్యి పట్టి నడిపించాలా?

హన్మకొండ ఫిజికల్ సైన్స్:
పదో తరగతి విద్యుత్ పాఠానికి ఫెట్ సర్క్యూట్ కిట్ (కంప్యూటర్ తెర మీద బ్యాటరీలు, తీగలు, బల్బులు కలిపి చూసే సిమ్యులేషన్) వాడేవాళ్లకు ఒక ప్రశ్న. వదిలేస్తే బ్యాటరీ రెండు కొసలకు తీగ కలిపి మంటలు తెప్పించడంతోనే పీరియడ్ అయిపోతుంది. మెట్టు మెట్టుగా వర్క్‌షీట్ ఇస్తే 9 వోల్టులు, 10 ఓమ్‌లు, 0.90 ఆంపియర్లు అని నింపేస్తారు, ఎందుకని అడిగితే దిక్కులు చూస్తారు. మీరు ఎటువైపు?

పరకాల టీచర్:
మంటల్ని వేస్టు అనకండి సార్. అసలు ల్యాబ్‌లో ఘటాన్ని షార్ట్ చేయనివ్వం, తీగ వేడెక్కి చెయ్యి కాలుతుంది. ఇక్కడ అమ్మీటర్‌ను నేరుగా బ్యాటరీ కొసలకు కలిపితే మంట. వోల్ట్‌మీటర్‌ను అక్కడే ఆనిస్తే ఏమీ కాదు. ఒకదాని నిరోధం ఎందుకంత తక్కువ, రెండోదానిది ఎందుకంత ఎక్కువ అన్న ప్రశ్న వాళ్ల నోటి నుంచే వస్తుంది. మొదటి పది నిమిషాలు మనం నోరు కట్టేసుకోవాలి.

వరంగల్ రిసోర్స్ పర్సన్:
సరే మేడం, పదకొండో నిమిషంలో? వోల్టేజీ, నిరోధం రెండూ ఒకేసారి మారుస్తారు, ఇక గ్రాఫ్ ఏం గీస్తారు? 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు వాదించింది ఇదే: కొత్తవాళ్లకు దారి చూపకపోతే బుర్రలో ఉన్న కాస్త జాగా వెతుకులాటకే పోతుంది. నిరోధాన్ని 10 ఓమ్‌ల దగ్గర కదలనివ్వొద్దు. 2, 4, 6 వోల్టులకు రీడింగులు తీయించి, 8కి ఎంతొస్తుందో ముందే పెన్నుతో రాయించండి. పెన్సిల్ ఇస్తే మీటర్ చూసి చెరిపేస్తారు! 0.80 రాయనివాళ్లతోనే అసలు పాఠం మొదలు.

కాజీపేట ప్రోగ్రామర్:
మీరిద్దరూ టీచర్ ఏం చెప్పాలన్నదే చూస్తున్నరు. దారి తెర కూడా చూపిస్తది. ఫెట్ తెర మీద సూచనలు దాదాపు ఉండవు. ఏ భాగాలు చేతికిచ్చిన్రు, ఏవి ఇయ్యలేదు అన్నదే అక్కడ సూచన. సొంతంగా సిమ్యులేషన్ కట్టేవాళ్లు హింట్ బటన్‌తో జాగ్రత్త. మూడు హింట్లు పెడితే పిల్లలు టకటకా మూడుసార్లు నొక్కి జవాబు దగ్గర తేలుతరు. మొదటిది ప్రశ్నగా ఉండాలె, రెండోది ఎక్కడ చూడాల్నో చెప్పాలె, మూడోదాంట్లోనే జవాబు. నడుమ సర్క్యూట్‌లో ఏదో ఒకటి మార్చనిదే తర్వాతి హింట్ తెరుచుకోవద్దు.

ములుగు టీచర్:
వెతికితే దొరికేదేదో, ఎంత వెతికినా దొరకనిదేదో ముందు తేల్చండి. వోల్టేజీ పెరిగితే కరెంటు పెరగడం దొరుకుతుంది. కానీ కిట్ తెరవగానే కనిపించేవి ఎలక్ట్రాన్లు. అవి రుణ ధ్రువం నుంచి బయల్దేరతాయి, మన పుస్తకంలో బాణం ధన ధ్రువం నుంచి. ఇది మనుషులు పెట్టుకున్న ఒప్పందం. గంటసేపు ఆడినా తెలియదు, పైగా పుస్తకం తప్పనుకుంటారు. ఇలాంటివి మొదట్లోనే చెప్పి, సంప్రదాయ విద్యుత్ బాణాలు ఎంచుకోమనాలి.

పరకాల టీచర్:
ఒప్పుకుంటా. మరి కిట్ అబద్ధమాడే చోటు సంగతి? అంతర నిరోధం, అంటే బ్యాటరీ లోపలి నిరోధం, అందులో మొదట సున్నా మీద ఉంటుంది కాబట్టి రెండో బల్బును సమాంతరంగా కలిపినా మొదటిది మసకబారదు. దాన్ని మార్చే స్లైడర్ కిట్‌లోని ‘ల్యాబ్’ అనే తెరలో అడ్వాన్స్‌డ్ కింద ఉంటుంది, పిల్లలు అటు పోరు.

వరంగల్ రిసోర్స్ పర్సన్:
అదే నేననేది, అక్కడిదాకా మనమే తీసుకెళ్లాలి. 9 వోల్టుల బ్యాటరీకి అంతర నిరోధం 2 ఓమ్‌లు పెట్టండి. 10 ఓమ్‌ల బల్బు ఒక్కటే ఉంటే దాని మీద 7.50 వోల్టులు, అలాంటిదే ఇంకోటి సమాంతరంగా కలిపితే 6.43. ఈ తేడా చూపించాక కావాలంటే వదిలేయండి.