పాట వింటే ఆరోగ్యం బాగుపడుతుందన్నది ఎంతవరకు నిజం?

నిశ్శబ్దం:
పాటలు వింటే బీపీ తగ్గుతుంది, తెలివి పెరుగుతుంది అని ఎవరు పడితే వాళ్లు చెప్పేస్తున్నారు. తెలివి సంగతే చూడండి. 1993లో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం వినిపించి పరీక్ష పెట్టారు. ఆకారాలను ఊహించే ప్రశ్నల్లో కాస్త మెరుగుపడ్డారు, అదీ పావుగంటలో పోయింది. పసిపిల్లల ఊసే అందులో లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం ఇవ్వాలని ప్రభుత్వ డబ్బు అడిగారు.

రాగమాలిక:
36 మందేనా అని కొట్టిపారేయకండి. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 73 ప్రయోగాలను కలిపి చూశారు. ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పి, ఆందోళన తగ్గాయి.

నిశ్శబ్దం:
తగ్గిందని చెప్పింది రోగులే కదా? మందులకైతే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చుకోవచ్చు. చెవిలో పాట మోగుతోందో లేదో రోగికి తెలియదా?

రాగమాలిక:
మత్తులో ఉన్నప్పుడు వినిపించినా పనిచేసింది. చదివారా అసలు?

చినుకు:
తలనొప్పిగా ఉన్నప్పుడు పాట పెడితే నాకైతే ఇంకా ఎక్కువవుతుంది.

నిశ్శబ్దం:
చదివాను. చూశాను కూడా. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రివాళ్లు మా అమ్మ తల పక్కనే స్పీకర్ పెట్టి పొద్దస్తమానం వేణువు వినిపించారు. గొంతు పెగలక, ఆపమని చేత్తో సైగ చేసింది. "మనసుకు మంచిదమ్మా" అని సౌండ్ పెంచి వెళ్లారు. కుట్లు లాగుతున్నా పక్కకు తిరిగి దిండు చెవి మీదికి లాక్కుంది.

రాగమాలిక:
ఆసుపత్రి మీద కోపం సంగీతం మీద చూపిస్తే ఎలా? పక్షవాతంతో మా నాన్నకు మాట పోయింది. 'నీళ్లు' అనబోతే పెదవులు వణికేవి, మాట వచ్చేది కాదు. నేను పాత పాట పెడితే మాత్రం పల్లవి అక్షరం పోకుండా పాడేవారు. మీరు ఉత్తుత్తి అంటుంటే నాకు ఏడుపొస్తోంది.

నిశ్శబ్దం:
మీ నాన్నగారి విషయం కాదనను. మాట పోయినా పాట మిగలడం వైద్యులకు తెలిసిందే. రాగం తీస్తూ మాట నేర్పే చికిత్స 1970లలో దాన్నుంచే వచ్చింది. మా అమ్మను ఎవరూ అడగలేదన్నదే నా బాధ.

రాగమాలిక:
అడగాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ నోరు లేని మనిషిని ఏమని అడుగుతాం? మా నాన్న కావాలని చెప్పలేకపోయేవారు. నాకు నేనే పెట్టాను.

నిశ్శబ్దం:
మా అమ్మా నోటితో చెప్పలేకపోయింది. చేత్తో చెప్పింది.