ఈ వారం సమస్య: సీస చచ్చెనంతె చింత యేల

నిర్వాహకుడు: కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్ ఫైవ్' (1969) మళ్ళీ చదువుతుంటే తట్టిన పాదం ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు తగలబడిన జర్మన్ నగరం డ్రెస్డెన్ చుట్టూ తిరిగే నవల అది. అందులో మనిషి పోయినా, షాంపేన్ పొంగు చచ్చినా ఒకటే మాట, 'సో ఇట్ గోస్', అంటే 'అంతే మరి'. దాన్ని 'అంతె'లో ఇరికించాను. ఈ పాదంతో ముగిసేలా పద్యాలు కానివ్వండి.

గోదారిగట్టు:

డ్రెస్డెనంత కాలి రేగిన బూడిద
కప్పుకున్న నేల గన్న వాడు
పొంగలేని మద్యమును జూచి పలికెను
"సీస చచ్చెనంతె, చింత యేల!"

చుక్కాని: మొదటి పాదం ఎత్తుగడ చాలా బాగుంది. కానీ పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలి కదా, 'పొంగ'కి 'మును'తో యతా? జారింది. ఇంకోటి, కూతురి పెళ్ళి రాత్రి ఆ షాంపేన్ సీసా పట్టుకున్నది నవలా నాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్, నిజమే. అక్కడ ఆ మాట అన్నది మాత్రం కథకుడు. బిల్లీ చేత అనిపించారు మీరు.

గోదారిగట్టు: మాస్టారూ, నా పద్యంలో బిల్లీ పేరెక్కడుంది? వానెగట్ కూడా డ్రెస్డెన్ కన్నవాడే. 1944 డిసెంబరులో జర్మన్లకు పట్టుబడి, 1945 ఫిబ్రవరిలో ఊరు తగలబడుతుంటే కబేళా కింది నేలమాళిగలో బతికి బయటపడ్డాడు. యతి సంగతంటారా, మువిభక్తి యతి చూసుకోండి. పు, బులకు ము చెల్లుతుంది, 'మద్యము'లో ఉన్నది ప్రత్యయమే. కిందటి నెల కంద పద్యంలో ఆరో గణంగా అక్కడ చెల్లని భగణం వేసిన మీరు నాకు యతి చెప్పడం కష్టంగా ఉంది.

చుక్కాని: ఆ కందం తప్పే, అప్పుడే ఒప్పుకున్నాను. ఇది చూడండి. ఇక్కడ 'అంతె'కు 'మాత్రమే' అని అర్థం.

కూజ యొకటి తీసె గుండెలో గుండ్లాయె
డెర్బి కొరకు నేడ్చు డెందమేది?
మనిషి కేడువండి, మద్యానికా యేడ్పు?
సీస చచ్చెనంతె, చింత యేల?

గోదారిగట్టు: విరుపు అద్భుతం, మెచ్చకుండా ఉండలేను. శిథిలాల్లో దొరికిన టీ కూజా తీసుకున్నందుకు, బిల్లీతో పాటు ఖైదీగా ఉన్న డెర్బీ మాస్టారిని కాల్చేశారన్నది ఒక్క పాదంలో పట్టారు. నవల మాత్రం మీకు సాక్ష్యం చెప్పదు. అందులో డెర్బీకీ అదే మాట, షాంపేన్‌కీ అదే మాట. మీరు తక్కెడ పట్టారు, ఆయన పట్టలేదు.

తెలుగుతోట: అసలు 'సీసా'ను 'సీస' చేయొచ్చా? ఇప్పుడు 'కూజా' కూడా 'కూజ' అయింది.

నిర్వాహకుడు: రమా 'రమ' అయింది, సీతా 'సీత' అయింది. సీసా ఏం పాపం చేసింది?

మల్లెపందిరి:

నూటయారు మార్లు నోరార నీ మాట
బాధ లేని వాడు పలుకునొక్కొ
పైకి నవ్వు పూసి పాడె మోసెడి పాట
సీస చచ్చెనంతె చింత యేల

ఆ మాట నవలలో 106 సార్లు వస్తుంది. మొదటిసారి వచ్చేది డ్రెస్డెన్‌లో టాక్సీ నడిపే ఆయన తల్లి గురించి, ఆ మంటల్లో కాలిపోయిన మనిషి. బిల్లీని ఎత్తుకుపోయిన గ్రహాంతరవాసులు, ట్రాల్ఫమడోర్ వాళ్ళ లెక్కలో పోయినవాడు ఆ ఒక్క క్షణంలోనే పోయాడు, మిగతా క్షణాల్లో నిక్షేపంగా ఉన్నాడు. బిల్లీ అది నమ్మాడు కనుక భుజాలెగరేసి ఊరుకున్నాడు. రచయితా నమ్మి ఉంటే ఒకసారి రాసి వదిలేసేవాడు. ప్రతి చావు దగ్గరా ఆగాడంటే ఒక్కదాన్నీ దాటి పోలేకపోయాడనే నేను చదువుకుంటాను.

మా తాతయ్య కర్మకాండలు అయ్యాక మా నాయనమ్మ ఆయన మరచెంబు తోమి బోర్లించింది. "ఆయనకు నూకలు చెల్లాయి, అంతే" అంది. కాసేపాగి మళ్ళీ తీసి, చింతపండు పెట్టి, మెరుస్తున్నదాన్నే మళ్ళీ తోమింది. ఈ నవల చదివినప్పుడల్లా నాకు ఆ 'అంతే' వినబడుతుంది.

గోదారిగట్టు: 'పాడె మోసెడి పాట' దగ్గర నా పద్యం వెలవెలబోయిందమ్మా. నేను 'చింత యేల'ను పైపైన తీసుకున్నాను.

నిర్వాహకుడు: ఈ వారం మల్లెపందిరి గారిదే. చుక్కాని గారి విరుపు రెండోది. అది నవలతో పోట్లాడుతుంది, ఆ పోట్లాట నాకు నచ్చింది.

చుక్కాని: న్యాయమే. మూడో పాదంలో 'పై'కి 'పా' చెల్లింది, ఎంత వెతికినా తప్పు దొరకలేదు. గోదారిగట్టు గారూ, కందంలో ఆ భగణం తీసి, అక్కడ చెల్లే నలం అనే గణం వేశాను, రాత్రికి పెడతాను. ముందు మీరే చూడాలి.